శిలీంధ్ర వైరస్‌లు

శిలీంధ్రాలకు సోకి, వాటి కణాలలో సంఖ్య పెంచుకునే వైరస్‌లను శిలీంధ్ర వైరస్‌లు లేదా మైకోవైరస్‌లు అంటారు. ఈస్టులు, బూజులు, పుట్టగొడుగులు, పంటలకు తెగుళ్లు కలిగించే శిలీంధ్రాలు, మొక్కల కణజాలంలో హాని చేయకుండా నివసించే శిలీంధ్రాలు అన్నింటిలోనూ ఇవి కనిపించాయి. మొక్కలకు, జంతువులకు, బాక్టీరియాలకు సోకే వైరస్‌లతో పోలిస్తే వీటి అధ్యయనం ఆలస్యంగా మొదలైంది. వీటిలో ఎక్కువ భాగం ఆతిథేయిలో ఏ లక్షణమూ చూపకపోవడమే అందుకు ప్రధాన కారణం. లక్షణాలు చూపే కొద్ది వైరస్‌లు మాత్రం వృక్ష వ్యాధుల నియంత్రణలోనూ, అణుజీవశాస్త్రంలోనూ పెద్ద స్థానం సంపాదించాయి.

నిర్వచనం, పరిధి

ఇతర వైరస్‌ల నుంచి శిలీంధ్ర వైరస్‌లను వేరుచేసే ముఖ్య లక్షణం వాటి జీవనచక్రంలో ఉంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ గాని, బాక్టీరియాఫేజ్ గాని ఒక కణం నుంచి బయటపడి మరో కణాన్ని వెతుక్కుంటుంది. శిలీంధ్ర వైరస్‌లలో అత్యధిక భాగానికి కణం వెలుపలి దశ అనేదే లేదు. అవి శిలీంధ్రంలో పుట్టి, శిలీంధ్రంలోనే ఉండి, శిలీంధ్రం ద్వారానే తరువాతి తరానికి చేరతాయి. వీటి జీనోమ్ పరిమాణం, వ్యాధి తీవ్రత, వ్యాప్తి, పొలంలో ఉపయోగపడే తీరు అన్నీ చాలావరకు ఈ ఒక్క లక్షణం నుంచే అర్థమవుతాయి.

ద్రాక్ష బూజు తెగులు, బంగాళాదుంప ఆకుమాడు తెగులు కలిగించే ఊమైసీట్‌లు చూడడానికి శిలీంధ్రాలను పోలి ఉన్నా, వర్గీకరణలో శిలీంధ్రాలు కావు. వాటి వైరస్‌లను కూడా ఈ రంగం వారే పరిశోధిస్తున్నప్పటికీ, ఈ వ్యాసం నిజ శిలీంధ్రాల వైరస్‌లకే పరిమితం.

కనుగొన్న క్రమం

1948 ప్రాంతంలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లా ఫ్రాన్స్ సోదరుల పుట్టగొడుగుల క్షేత్రంలో బటన్ పుట్టగొడుగులకు ఒక వింత వ్యాధి సోకింది. కాడలు సాగి వంకరపోయాయి, గొడుగులు చిన్నవైపోయాయి, దిగుబడి పడిపోయింది. సిండెన్, హౌజర్ అనే పరిశోధకులు 1950లో దీన్ని వర్ణించారు. వ్యాధికి క్షేత్రం పేరే నిలిచింది. 1962లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న హోలింగ్స్, ఇటువంటి రోగగ్రస్త పుట్టగొడుగుల నుంచి మూడు రకాల వైరస్ రేణువులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించారు. శిలీంధ్ర వైరస్‌ల శాస్త్రానికి ఆరంభంగా ఈ సంవత్సరాన్నే లెక్కిస్తారు. అయితే 1959లోనే లిండ్‌బర్గ్, ఓట్స్ పంటకు తెగులు తెచ్చే హెల్మింథోస్పోరియం విక్టోరియే శిలీంధ్రంలో తంతువుల కలయిక ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి అంటుకునే రోగం ఉందని నమోదు చేశారు. కారణం వైరస్ అని తేలడానికి తరువాత చాలా కాలం పట్టింది.

మరో దారి ఔషధ పరిశోధనల నుంచి వచ్చింది. పెనిసీలియం జాతుల ద్రావణాలైన స్టాటోలాన్, హెలినిన్‌లు జంతువులను వైరస్ వ్యాధుల నుంచి కొంత కాపాడుతున్నట్టు 1950ల నుంచి తెలుసు. ఆ శక్తి శిలీంధ్రానిది కాదని, దానిలో దాగిన వైరస్‌ల ద్విపోచ ఆర్‌ఎన్‌ఏదని 1967, 1968 సంవత్సరాల పరిశోధనలు చూపాయి. ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ జంతు కణాల్లో ఇంటర్‌ఫెరాన్ ఉత్పత్తిని ప్రేరేపిస్తుందన్న అవగాహన బలపడడంలో ఈ పనికి పెద్ద పాత్ర ఉంది. (చూ. ఇంటర్‌ఫెరాన్)

జీనోమ్‌లు, వర్గీకరణ

తెలిసిన శిలీంధ్ర వైరస్‌లలో అత్యధికం ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ గలవాటిలో టోటివైరస్‌లు, పార్టిటివైరస్‌లు, క్రైసోవైరస్‌లు, మెగాబిర్నావైరస్‌లు, క్వాడ్రివైరస్‌లు, పాలీమైకోవైరస్‌లు, మైకోరియోవైరస్‌లు ముఖ్యమైనవి. టోటివైరస్ జీనోమ్ ఒకే ముక్క; పార్టిటివైరస్‌లో ప్రధానంగా రెండు, క్రైసోవైరస్‌లో సాధారణంగా నాలుగు; మైకోరియోవైరస్‌లో పదకొండు లేదా పన్నెండు.

ధనాత్మక ఏకపోచ ఆర్‌ఎన్‌ఏ గలవాటిలో హైపోవైరస్‌లు, మైటోవైరస్‌లు, నార్నావైరస్‌లు, ఎండోర్నావైరస్‌లు, బార్నావైరస్‌లు ఉన్నాయి. రుణాత్మక ఏకపోచ ఆర్‌ఎన్‌ఏ గల మైమోనావైరస్‌లు ఆలస్యంగా బయటపడ్డాయి. ఏకపోచ డీఎన్‌ఏ గల తొలి శిలీంధ్ర వైరస్ 2010లో చైనాలో వెల్లడైంది. బేకర్ ఈస్టులోని టీవై1, టీవై3 వంటి జన్యు మూలకాలను కూడా వాటి జీవనవిధానాన్ని బట్టి వైరస్ కుటుంబాలలో చేర్చారు.

వీటిలో మైటోవైరస్‌లు ప్రత్యేకించి చెప్పుకోదగ్గవి. జీనోమ్ సాధారణంగా రెండు వేల నుంచి నాలుగు వేల న్యూక్లియోటైడ్‌ల లోపు. అందులో ఉండేది ఒకే ఒక్క జన్యువు: ఆర్‌ఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే పాలిమరేజ్ ఎంజైము. ప్రోటీన్ తొడుగు లేదు, కణంలోకి చొరబడే సాధనం లేదు. అవి మైటోకాండ్రియాలలోనే నివసిస్తాయి. కేంద్రకపు సంకేతావళిలో అంతమని అర్థమిచ్చే యూజీఏ సంకేతం శిలీంధ్ర మైటోకాండ్రియాలలో ట్రిప్టోఫాన్‌ను సూచిస్తుంది. చాలా మైటోవైరస్‌ల జన్యువు కూడా ఈ మైటోకాండ్రియా లిపిలోనే రాసి ఉంటుంది. వైరస్ అనే పదానికి ఉన్న కనీస హద్దు ఎక్కడో ఆలోచించాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తొడుగు లేకపోవడం మైటోవైరస్‌లకే పరిమితం కాదు. హైపోవైరస్‌లకు, నార్నావైరస్‌లకు, ఎండోర్నావైరస్‌లకు కూడా నిజమైన రేణువు లేదు. బయటి ప్రపంచాన్ని ఎదుర్కోనవసరం లేని జీవనంలో తొడుగు తప్పనిసరి అవసరం కాదు. జపాన్‌లో, పండ్లచెట్ల వేరుకుళ్లు కలిగించే రోజెల్లీనియా నెకాట్రిక్స్ శిలీంధ్రంలో మరో ఏర్పాటు దొరికింది: తొడుగు లేని ఒక ఏకపోచ ఆర్‌ఎన్‌ఏ వైరస్, అదే కణంలో ఉన్న వేరొక ద్విపోచ వైరస్ తొడుగును వాడుకుంటూ అందులో తన ప్రతులు తయారు చేసుకుంటుంది. 2016లో ప్రకటించిన ఈ జంట వైరస్‌ల ఏర్పాటు పాత వర్గీకరణ సూత్రాలకు అతికేది కాదు.

కణంలో ప్రతులు తయారయ్యే విధానం

బేకర్ ఈస్టులోని ఎల్-ఏ అనే టోటివైరస్ ఇందుకు ప్రామాణిక ఉదాహరణ. దీని జీనోమ్ సుమారు 4,600 న్యూక్లియోటైడ్ జతలు. రేణువు వ్యాసం సుమారు 40 నానోమీటర్లు. ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడూ తొడుగులోపలే ఉంటుంది; పాలిమరేజ్ కూడా అక్కడే ఉండి ధనాత్మక పోచలను తయారుచేసి రంధ్రాల గుండా కణద్రవ్యంలోకి పంపుతుంది. ఆ పోచల నుంచి రైబోజోములు ప్రోటీన్లను తయారుచేస్తాయి. తొడుగు ప్రోటీను, పాలిమరేజ్ జన్యువులు ఒకదానిపై ఒకటి కొంత అతివ్యాపించి ఉండటంతో, రైబోజోము అప్పుడప్పుడు ఒక న్యూక్లియోటైడ్ వెనక్కి జారినప్పుడే రెండూ కలిసిన పొడవాటి ప్రోటీను తయారవుతుంది. ఈ జారుడు ఎంత తరచుగా జరుగుతుందన్నదే తొడుగుకూ పాలిమరేజ్‌కూ మధ్య నిష్పత్తిని నిర్ణయిస్తుంది. నగ్నంగా కనిపిస్తే కణం గుర్తించి దాడి చేసే ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ ఈ విధంగా ఎప్పుడూ మరుగులోనే ఉండిపోతుంది.

హైపోవైరస్‌లు వేరే మార్గం ఎంచుకున్నాయి. అవి ఆతిథేయి గాల్జీ వ్యవస్థ నుంచి ఏర్పడిన పొర సంచులలో ప్రతులు తయారు చేసుకుంటాయి.

వ్యాప్తి

శిలీంధ్ర వైరస్‌లకు రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి. మొదటిది అడ్డంగా: ఒకే జాతికి చెందిన రెండు శిలీంధ్రజాలాలు తారసపడి, తంతువులు కలిసిపోయి కణద్రవ్యం పంచుకున్నప్పుడు. రెండోది నిలువుగా: సిద్ధబీజాల ద్వారా సంతానానికి. అలైంగికంగా ఏర్పడే కొనిడియాలలో వైరస్ తరచుగా చేరుతుంది. ఆస్కోమైసీట్‌ల లైంగిక సిద్ధబీజాలలో చాలాసార్లు చేరదు. పుట్టగొడుగుల బెసిడియోసిద్ధబీజాలలో మాత్రం చేరగలదు.

తంతువుల కలయికకు ఒక గట్టి అడ్డంకి ఉంది. శిలీంధ్రాలు తనవారిని, పరాయివారిని గుర్తించే జన్యువులు కలిగి ఉంటాయి. ఆ జన్యువులు సరిపోలకపోతే, కలిసిన చోట కణాలు చనిపోతాయి. దీన్ని శాకీయ అననుకూలత అంటారు. ఇది ఎందుకు పుట్టిందన్న చర్చ కొనసాగుతున్నా, వైరస్‌ల రాకపోకలను ఇది తగ్గిస్తుందన్నది ప్రయోగాలలో స్పష్టంగా కనిపించింది.

ఆతిథేయి రక్షణ

అననుకూలతను దాటి వచ్చిన వైరస్‌ను కణం లోపల ఆర్‌ఎన్‌ఏ నిశ్శబ్దీకరణ ఎదుర్కొంటుంది. డైసర్ ఎంజైము ద్విపోచ ఆర్‌ఎన్‌ఏను చిన్న ముక్కలు చేస్తుంది. ఆర్గొనాట్ ప్రోటీను ఆ ముక్కల సాయంతో వైరస్ ఆర్‌ఎన్‌ఏను గుర్తించి నరికేస్తుంది. చెస్ట్‌నట్ చెట్లకు ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రంలో రెండు డైసర్లు, నాలుగు ఆర్గొనాట్లు ఉన్నా, వైరస్‌పై పనిచేసేవి ఒక్కొక్కటి మాత్రమే అని తేలింది. వైరస్‌ల దగ్గరా ప్రతిసాధనం ఉంది: ఆ శిలీంధ్రానికి సోకే హైపోవైరస్ తయారుచేసే పీ29 ప్రోటీను ఈ నిశ్శబ్దీకరణను అణచివేస్తుంది. (చూ. ఆర్‌ఎన్‌ఏ నిశ్శబ్దీకరణ)

బేకర్ ఈస్టు ఈ రక్షణ వ్యవస్థను పరిణామక్రమంలో పూర్తిగా కోల్పోయింది. ఆ లోటు ఒక లాభంతో ముడిపడి ఉందని 2011లో వెలువడిన పరిశోధన సూచించింది. నిశ్శబ్దీకరణ ఉంటే, పక్క ఈస్టులను చంపే విషాన్నిచ్చే కిల్లర్ వైరస్ నిలవదు. అది నిలిచి ఉంటే ఈస్టుకు ఆయుధం దొరుకుతుంది.

కిల్లర్ ఈస్టులు

కొన్ని ఈస్టు రకాలు పక్కనున్న ఈస్టులను చంపే ప్రోటీను విషాన్ని విడుదల చేస్తాయని బెవన్, మేకోవర్ 1963లో తెలిపారు. విషం జన్యువు ఈస్టు క్రోమోజోములో లేదు. ఎం అనే శాటిలైట్ ద్విపోచ ఆర్‌ఎన్‌ఏలో ఉంది. ఎంకు స్వంత తొడుగు గాని పాలిమరేజ్ గాని లేదు. రెండూ ఎల్-ఏ వైరసే సమకూరుస్తుంది. విషాన్ని తయారుచేసే ఈస్టుకు ఆ విషం నుంచి రక్షణ కూడా అదే జన్యువు నుంచి లభిస్తుంది. కాబట్టి వైరస్ పోగొట్టుకున్న ఈస్టు తన పూర్వపు పొరుగువారి చేతిలోనే చనిపోతుంది.

ఇటువంటి విషాలలో కే1 అనేది లక్ష్యకణపు కణకవచంలోని గ్లూకాన్‌కు అతుక్కుని, కణత్వచంలో అయాన్లు కారే మార్గాలు తెరుస్తుంది. కే28 విషం కణంలోకి ప్రవేశించి కేంద్రకానికి చేరి డీఎన్‌ఏ సంశ్లేషణను ఆపుతుంది. ఈ విషాలు ఆమ్ల పరిస్థితుల్లో బాగా పనిచేస్తాయి గనుక ద్రాక్షసారా తయారీలో వీటికి ప్రాధాన్యం ఏర్పడింది. మంచి ఈస్టు రకానికి కిల్లర్ గుణం ఉంటే తొట్టెలో అవాంఛిత ఈస్టులు తగ్గుతాయి. అవాంఛిత ఈస్టుకు ఆ గుణం ఉంటే పులియడం ఆగిపోయే ప్రమాదం ఉంది. మొక్కజొన్నకు కాటుక తెగులు వంటి ఉబ్బులు తెచ్చే ఉస్టిలాగో మేడిస్‌లో కూడా వైరస్‌ల నుంచి వచ్చే ఇటువంటి విషాలు ఉన్నాయి.

చెస్ట్‌నట్ ఎండు తెగులు, హైపోవైరస్

ఆసియా నుంచి వచ్చిన క్రైఫోనెక్ట్రియా పారాసిటికా అనే శిలీంధ్రం 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాల చెస్ట్‌నట్ చెట్లపై కనిపించింది. అది బెరడు గాయాల గుండా ప్రవేశించి, బెరడు కింది సజీవ కణజాలాన్ని చంపి, పుండు కాండాన్ని చుట్టుముట్టగానే పైభాగం ఎండిపోయేలా చేస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా తూర్పు అమెరికా అడవుల్లో సుమారు 350 నుంచి 400 కోట్ల చెట్లు నశించాయని అంచనా. కలపకూ, పశువుల మేతకూ, మనుషుల ఆహారానికీ ఆధారమైన ఒక వృక్షం ఒక మనిషి జీవితకాలంలోనే అడవిలో మోడుల నుంచి లేచే పిలకల స్థాయికి తగ్గిపోయింది.

ఐరోపాలో ఈ తెగులు 1938లో ఇటలీలోని జెనోవా వద్ద బయటపడింది. అక్కడా అదే వినాశం జరుగుతుందని భయపడ్డారు. కాని 1950ల మొదట్లో ఆంటోనియో బిరాగి, తెగులు సోకిన కొన్ని చెట్ల పుండ్లు వాటంతటవే మానుతున్నట్టు గమనించారు. ఫ్రాన్స్‌లో జాన్ గ్రాంత్ ఆ పుండ్ల నుంచి శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచినప్పుడు, మామూలు నారింజ రంగుకు బదులు తెల్లటి పెరుగుదల వచ్చింది. ఆ తెల్ల రకం చెట్టును చంపలేదు. అంతకన్నా ముఖ్యం, దాన్ని ప్రాణాంతక రకం పక్కన పెంచితే అది కూడా బలహీనపడింది. 1960ల మధ్యలో గ్రాంత్ ఈ గుణానికి హైపోవైరులెన్స్ అని పేరు పెట్టారు. తెలుగులో దీన్ని అల్పతీవ్రత అనవచ్చు.

అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం వారు 1970లలో ఈ రకాలను తెప్పించి పరీక్షించి, బలహీనతతో పాటు ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ కూడా బదిలీ అవుతోందని 1977లో చూపారు. క్రైఫోనెక్ట్రియా హైపోవైరస్ 1 జీనోమ్ 12,700 న్యూక్లియోటైడ్‌ల పైచిలుకు అని 1991లో తెలిసింది. మరుసటి ఏడు చోయ్, నస్ ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ ప్రతి తయారుచేసి ఆరోగ్యవంతమైన శిలీంధ్రంలో ప్రవేశపెట్టారు. అది అల్పతీవ్రంగా మారింది. వైరసే కారణమన్నదానికి ఇది తిరుగులేని రుజువు. సోకిన శిలీంధ్రంలో జి-ప్రోటీన్ సంకేత వ్యవస్థ దెబ్బతిని, రంగు, సిద్ధబీజాల ఉత్పత్తి, బెరడు లోతుకు వెళ్లే శక్తి తగ్గుతాయి. పుండు పైపైనే ఉండిపోతుంది, చెట్టు దానిచుట్టూ కొత్త కణజాలం పెంచుకుంటుంది.

ఐరోపాలో వైరస్ సహజంగా వ్యాపించడమే కాక, తోటల్లో పుండ్ల అంచున అల్పతీవ్ర రకాన్ని పూసే చికిత్స కూడా ఫలించింది. అమెరికాలో అదే పద్ధతి తూర్పు అడవులను కాపాడలేకపోయింది. ప్రధాన కారణం శాకీయ అననుకూలత. ఈ శిలీంధ్రంలో అననుకూలతను నిర్ణయించే ఆరు జన్యుస్థానాలు వర్ణితమయ్యాయి. ఒక్కోదానికి రెండు రూపాలు గనుక 64 రకాలు సాధ్యం. ఐరోపాలో చాలాచోట్ల కొద్ది రకాలే ఉన్నాయి. అమెరికాలో వైవిధ్యం ఎక్కువ. ఒక పుండులోని వైరస్ పక్క పుండులోకి చేరే అవకాశం అక్కడ తక్కువ. పైగా లైంగిక సిద్ధబీజాలలో వైరస్ చేరదు. మిషిగన్ రాష్ట్రంలోని కొన్ని చెస్ట్‌నట్ తోపులు మాత్రం హైపోవైరస్ 3 వల్ల సహజంగా కోలుకున్నాయి.

ఈ అడ్డంకిని దాటడానికి రెండు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది, వైరస్ డీఎన్‌ఏ ప్రతిని శిలీంధ్ర క్రోమోజోములోనే చేర్చడం. దీనితో లైంగిక సంతానానికీ వైరస్ అందింది. రెండోది, 2016లో జాంగ్, నస్ నాలుగు అననుకూలత స్థానాలను పనిచేయకుండా చేసి, దాదాపు ఏ రకానికైనా వైరస్ అందించగల దాత రకాన్ని రూపొందించడం. ప్రయోగశాలలో గెలిచిన సూత్రం అడవిలో గెలవాలంటే జనాభాల జన్యు వైవిధ్యాన్ని ముందు అర్థం చేసుకోవాలని చెస్ట్‌నట్ అనుభవం నేర్పింది. ఆ తరువాత మొదలైన జీవనియంత్రణ పథకాలలో ఆ వైవిధ్యం ఎంత అన్న ప్రశ్న ముందుగా వేయాల్సి వస్తోంది.

స్క్లిరోటీనియా డీఎన్‌ఏ వైరస్

వందలాది మొక్కల జాతులకు కుళ్లు తెగులు తెచ్చే స్క్లిరోటీనియా స్క్లిరోషియోరమ్‌లో చైనాలోని వుహాన్ శాస్త్రవేత్తలు 2010లో వృత్తాకార ఏకపోచ డీఎన్‌ఏ వైరస్‌ను కనుగొన్నారు. జీనోమ్ 2,166 న్యూక్లియోటైడ్‌లు మాత్రమే. మొక్కల జెమినీ వైరస్‌లకు ఇది దూరపు బంధువు. శిలీంధ్ర వైరస్‌లకు వెలుపలి దశ లేదన్న నియమానికి ఇదే బలమైన మినహాయింపు: శుద్ధి చేసిన వైరస్ రేణువులు నేరుగా శిలీంధ్ర తంతువులకు సోకగలవు. శిలీంధ్రాన్ని తినే లైకోరియెల్లా అనే చిన్న ఈగలో ఇది వృద్ధి చెంది, ఈగ ద్వారా కొత్త శిలీంధ్రానికి చేరగలదని 2016లో తేలింది. 2020లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం, వైరస్ సోకిన స్క్లిరోటీనియా మొక్కను కుళ్లబెట్టడం మాని, దాని కణజాలంలో నిరపాయంగా నివసిస్తుంది. అటువంటి రేప్‌సీడ్ మొక్కలు ఇంకా బాగా పెరిగాయి కూడా.

మొక్క, శిలీంధ్రం, వైరస్

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ వనంలో భూతాపంతో వేడెక్కిన నేలల్లో డైకాంథీలియం అనే గడ్డి పెరుగుతుంది. దాని కణజాలంలో కర్వులేరియా ప్రొట్యుబరేటా శిలీంధ్రం, ఆ శిలీంధ్రంలో ఒక ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ వైరస్ నివసిస్తున్నాయి. గడ్డి గాని శిలీంధ్రం గాని విడిగా 38 డిగ్రీల సెల్సియస్‌కు పైన పెరగలేవు. కలిసి ఉన్నప్పుడు 65 డిగ్రీల నేల వేడిని తట్టుకుంటాయి. మార్కెజ్, రూసింక్ తదితరులు 2007లో శిలీంధ్రం నుంచి వైరస్‌ను తొలగించి చూస్తే ఆ శక్తి పోయింది. తిరిగి ప్రవేశపెడితే వచ్చింది. టమాటా మొక్కలకు కూడా ఈ శిలీంధ్రం వైరస్‌తో సహా చేరినప్పుడు వేడిని తట్టుకునే గుణం లభించింది. వైరస్ అంటే రోగకారకం అన్న తలంపును సవరించిన ప్రయోగాలలో దీని స్థానం ముందు వరుసలో ఉంటుంది.

మొక్కల వైరస్‌లు శిలీంధ్రాలలోకి దాటడం కూడా జరుగుతుంది. బంగాళాదుంప మొక్కల నుంచి వేరుచేసిన రైజోక్టోనియా సొలానీలో దోస మొజాయిక్ వైరస్ సహజంగానే సోకి ఉందని 2017లో వెల్లడైంది.

ఇతర ప్రభావాలు

అల్పతీవ్రతకు భిన్నంగా, కొన్ని వైరస్‌లు శిలీంధ్రాన్ని మరింత ప్రమాదకరంగా మారుస్తాయి. ఆగ్నేయాసియాలో రోగనిరోధకశక్తి తగ్గినవారికి సోకే టలరోమైసిస్ మార్నెఫీలో ఒక పార్టిటివైరస్, ఎలుకల ప్రయోగాల్లో వ్యాధి తీవ్రతను పెంచింది. దీనికి విరుద్ధంగా, ఎల్మ్ చెట్ల తెగులు శిలీంధ్రంలోని మైటోవైరస్‌లు దాని పెరుగుదలను కుంటుపరుస్తాయి.

పుట్టగొడుగుల సాగులో లా ఫ్రాన్స్ వ్యాధితో పాటు, 1996లో బ్రిటన్‌లో బయటపడి గొడుగులకు గోధుమ రంగు తెచ్చే పుట్టగొడుగు వైరస్ ఎక్స్ ముఖ్యమైనది. ముత్యపుచిప్ప పుట్టగొడుగులలోనూ గోళాకార వైరస్‌లు వర్ణితమయ్యాయి. చికిత్స లేదు. రోగగ్రస్త గొడుగుల సిద్ధబీజాలు, మిగిలిపోయిన శిలీంధ్రజాలం కొత్త మడులకు చేరకుండా చూడటమే మార్గం: గొడుగులు విచ్చుకోకముందే కోయడం, గాలిని వడపోయడం, పంట తీశాక గదిని, అరలను ఆవిరితో శుద్ధి చేయడం, వైరస్ లేని విత్తనం వాడటం.

పరిశోధన పద్ధతులు

సాంప్రదాయిక పద్ధతిలో శిలీంధ్రం నుంచి ద్విపోచ ఆర్‌ఎన్‌ఏను సెల్యులోజ్ పొడిపై పట్టి, జెల్‌పై విడదీస్తారు. ఆరోగ్యవంతమైన కణంలో అంత పొడవైన ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ ఉండదు గనుక పట్టీ కనిపిస్తే వైరస్ అనుమానమే. ఇప్పుడు భారీ స్థాయి జన్యుక్రమ నిర్ధారణ ఈ పనిని చాలావరకు చేపట్టి, ఒకే శిలీంధ్రంలో పలు వైరస్‌లు కలిసి ఉండటం సాధారణమని చూపింది. అయితే క్రమం తెలిసినంతమాత్రాన ప్రభావం తెలియదు. ఒక లక్షణానికి వైరసే కారణమని చెప్పాలంటే, ఏకసిద్ధబీజ వేర్పాటుతో గాని, సైక్లోహెక్సిమైడ్, రిబావిరిన్ వంటి రసాయనాలతో గాని వైరస్ లేని జోడీని తయారుచేసి, కణకవచం తీసిన కణాలలోకి వైరస్‌ను తిరిగి ఎక్కించి పోల్చాలి. ఈ మెట్టు దాటిన వైరస్‌లు నమోదైనవాటిలో కొద్ది భాగమే.

పుట్టుక

రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, ఈ వైరస్‌లు శిలీంధ్రాలతో అతి ప్రాచీన కాలం నుంచి కలిసి పరిణామం చెందాయని. రెండోది, మొక్కల వైరస్‌లు తెగులు శిలీంధ్రాలలోకి దాటి, తొడుగునూ కదలిక ప్రోటీన్లనూ వదులుకున్నాయని. రెండూ వేర్వేరు కుటుంబాలకు వర్తించవచ్చు. మైటోవైరస్ పాలిమరేజ్ బాక్టీరియాలకు సోకే ఆర్‌ఎన్‌ఏ ఫేజ్‌ల పాలిమరేజ్‌ను పోలి ఉంది. మైటోకాండ్రియా బాక్టీరియా నుంచే వచ్చింది గనుక, ఆ బాక్టీరియాతో పాటే వైరస్ పూర్వీకుడూ వచ్చిందన్న వాదనకు ఇది ఆధారం. పార్టిటివైరస్‌లు మొక్కల్లోనూ శిలీంధ్రాల్లోనూ దగ్గరి బంధువులుగా ఉండటం రాజ్యాల మధ్య రాకపోకలను సూచిస్తుంది.

వరి తెగుళ్లలో వైరస్‌లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వరి పొలాలకు పరిచయమైన అగ్గి తెగులు శిలీంధ్రం మాగ్నపోర్తే ఒరైజేలోనూ, పాముపొడ తెగులు శిలీంధ్రం రైజోక్టోనియా సొలానీలోనూ అనేక వైరస్‌లు వర్ణితమయ్యాయి. మాగ్నపోర్తే క్రైసోవైరస్ 1 సోకిన అగ్గి తెగులు శిలీంధ్రం నెమ్మదిగా, అసహజంగా పెరుగుతుంది. రైజోక్టోనియాలో తంతువుల కలయిక బృందాలు అనేకం ఉండటం వల్ల వైరస్ ఒక పొలం నుంచి మరో పొలానికే కాదు, ఒకే మడిలోని రెండు రకాల మధ్య కూడా సులభంగా దాటదు. తంతువుల కలయికపై ఆధారపడని స్క్లిరోటీనియా డీఎన్‌ఏ వైరస్ వంటి వాటి కోసం ఈ రెండు శిలీంధ్రాలలోనూ వెతకడానికి ఇదే బలమైన కారణం.